గోన గన్నారెడ్డితో నా పేచీ

అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' గురించి వ్రాయాలని చాలాకాలంగా అనుకొంటూ, ఎప్పటికప్పుడు వాయిదా వేస్తూ వచ్చాను. కారణం బద్ధకం ఒక్కటే కాదు. ఆ నవల మీద నా అభిప్రాయం ఏమిటో నాకే సరిగా తెలియదు. ఇష్టమా అంటే ఇష్టమే. పద్నాలుగో ఏట మొదటిసారి చదివాను. ఆ తరువాత ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "మరి మంచి నవలేనా?" అని ఎవరైనా నిలదీస్తే మాత్రం నీళ్ళు నములుతాను. కొన్ని పుస్తకాలతో మన సంబంధం దగ్గర చుట్టాలతో సంబంధం వంటిది. ఎదుట ఉంటే విసుగు, పైవాళ్ళు ఒక్క మాటంటే రోషం.

ఇప్పుడు వ్రాయడానికి ఒక సందర్భం వచ్చింది. మొన్నటి చలికాలంలో మా అమ్మకు శుక్లాల ఆపరేషను జరిగింది. ముందు ఒక కన్నుకు, నెల గడిచాక రెండవ కన్నుకు. కొత్త కళ్ళజోడు చేతికి వచ్చేదాకా పుస్తకం పట్టుకోవద్దన్నారు. చందానగర్‌లో మాది మూడవ అంతస్తు. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే లింగంపల్లి వైపు పోయే రైళ్ళ చప్పుడు వినిపిస్తుంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకొని, రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేయించుకొంటూ, ఆ చప్పుడును బట్టి టైము చెప్పడం తప్ప అమ్మకు వేరే పని లేకపోయింది. మూడవనాటికి ఆమె ఓపిక అయిపోయింది.

"అమ్మాయ్, రాత్రిళ్ళు ఒక గంట ఏదైనా చదివి పెట్టవే" అన్నది.

"ఏం చదవమంటావు?"

"ఏముందీ, గన్నారెడ్డిని తియ్యి."

మా ఇంట్లో ఆ పుస్తకాన్ని పూర్తి పేరుతో ఎవరమూ పిలవము. గన్నారెడ్డి, అంతే. మా ఇంటి మనిషే అన్నట్లు.

*

ఆ ప్రతి చరిత్ర కొంత చెప్పాలి. అట్ట ఏనాడో పోయింది. దాని స్థానంలో గోధుమరంగు కాగితం అట్ట, దారంతో కుట్టినది. లోపల మొదటి పుటలో మా అమ్మమ్మగారి ఊరి గ్రంథాలయం ముద్ర, గుండ్రంగా, వంకాయరంగు సిరాతో. అంటే అది మా పుస్తకం కాదు. ఎప్పుడో తెచ్చి తిరిగి ఇవ్వని పుస్తకం. చిన్నప్పుడు "ఇది దొంగ పుస్తకమా అమ్మా?" అని అడిగితే, "గజదొంగ పుస్తకమే కదా, ఫరవాలేదులే" అని నవ్వేసేది. అంతకుమించి ఎన్నడూ చెప్పలేదు.

చదవనివారి కోసం కథ టూకీగా చెబుతాను. కాలం కాకతీయులది. గణపతిదేవ చక్రవర్తి వృద్ధుడైనాడు. కుమారులు లేరు. కుమార్తె రుద్రమను మగపిల్లవానిగా, రుద్రదేవుడనే పేరుతో పెంచి రాజ్యానికి సిద్ధం చేశాడు. ఆడది ఏలడమేమిటని గొణిగే సామంతులు కొందరు, దండెత్తడానికి పొంచి ఉన్న దేవగిరి యాదవులు ఇంకొకవైపు. ఈ నేపథ్యంలో వర్ధమానపురం గోన వంశీయుడైన గన్నారెడ్డి గజదొంగ అవతారమెత్తి, అడవులలో అనుచరులతో తిరుగుతూ ఉంటాడు. అతని పినతండ్రి లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డికీ, ఆదవోని ప్రభువు కోటారెడ్డి కుమార్తె అన్నాంబికకూ పెళ్ళి. సరిగ్గా ఆ పెళ్ళివేళ గన్నారెడ్డి వచ్చి పెళ్ళికొడుకును ఎత్తుకొనిపోతాడు. నవల మొదలయ్యేదే అక్కడ! ఆ దొంగతనాలన్నిటి వెనుక రాజభక్తి ఉన్నదని తరువాత తెలుస్తుంది. ఆగిన పెళ్ళి పెళ్ళికూతురు అన్నాంబిక రుద్రమదేవి చెంతకు చేరుతుంది. గన్నారెడ్డికీ ఆమెకూ, నిడదవోలు చాళుక్య వీరభద్రునికీ రుద్రమకూ మధ్య ప్రేమలు అల్లుకొంటాయి.

బాపిరాజు గారు ఈ నవల వ్రాసింది 1940లలో. ఆ దశకంలోనే ఆయన హైదరాబాదులో 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులుగా పనిచేశారు. నిజాము రాజధానిలో కూర్చొని తెలుగు పత్రిక నడుపుతున్న గోదావరి జిల్లాల మనిషి ఓరుగల్లును కలగనడంలో ఆశ్చర్యమేమీ లేదు. అప్పటికి తెలుగువారు రెండు ఏలుబడుల కింద ఉన్నారు. తెలుగు ప్రభువులందరినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చిన కాకతీయుల కథ ఆనాడు ఉత్త కథ కాదు, ఒక కోరిక. శాతవాహనుల కాలానికి 'హిమబిందు', ఇక్ష్వాకుల కాలానికి 'అడివి శాంతిశ్రీ' వ్రాసిన చెయ్యి కాకతీయుల దగ్గరకు రావడం సహజమే.

పైగా ఆయన చిత్రకారుడు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ వద్ద బొమ్మలు వేయడం నేర్చుకొన్నవారు. నవలలో ప్రతి గుర్రానికీ ఒక రంగు, ప్రతి ఆభరణానికీ ఒక మెరుపు, ప్రతి సాయంకాలానికీ ఒక వెలుగు ఉంటాయి. 2004లో నేను ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన రోజులలో ఎమ్మెమ్‌టీఎస్ రైలులో ఆఫీసుకు వెళ్ళేదానిని. చందానగర్ తరువాత హఫీజ్‌పేట, ఆపైన హైటెక్ సిటీ. రెండవ స్టేషనులోనే దిగిపోవాలి. ఆ పదినిమిషాలలో, ఆడవాళ్ళ పెట్టెలో కడ్డీకి ఆనుకొని నిలబడి నాలుగు పుటలు చదవగలిగేదానిని. దిగేసరికి చుట్టూ రాళ్ళగుట్టలు పగులగొట్టి కడుతున్న అద్దాల మేడలు, తలలో మాత్రం ఓరుగల్లు కోట. ఆ పది నిమిషాలు చెడ్డవని నేనెన్నడూ అనలేను.

*

ఇక పేచీ ఎక్కడంటారా, చెబుతాను.

మొదటిది చిన్నది. ఈ నవలలో అందగత్తె కాని స్త్రీ, ఆజానుబాహువు కాని వీరుడు కనబడడం కష్టం. అందరూ సంపూర్ణులే. ఇరవై ఏళ్ళు దాటాక చదివినప్పుడు నాకు ఈ అందమే ఊపిరాడకుండా చేసింది. పల్లకి మోసేవాడి భుజం కాయ, చెరువు తవ్వేవాడి గోరు కింది మన్ను ఎక్కడా కనబడవు. కాకతీయులంటే చెరువులు కదా! రామప్ప, పాకాల చెరువుల గట్ల మీద నిలబడినప్పుడు నాకు తోచేది కత్తులు కాదు, తట్టలు.

రెండవది చరిత్రకు సంబంధించినది. గన్నారెడ్డి కల్పిత పాత్ర కాదు. 'రంగనాథ రామాయణం' ద్విపదలో చెప్పిన గోన బుద్ధారెడ్డి వంశంవాడు. అతని సేనాని విఠలనాథుడు రాయచూరులో కోట కట్టించినట్లు 1294 నాటి శాసనం ఆ కోటలోనే, పెద్ద రాతిపలక మీద, తెలుగులో ఉన్నది. అయితే 1294 అంటే అప్పటికి రుద్రమ లేదు. ఆమె మనుమడు ప్రతాపరుద్రుని రాజ్యం నడుస్తున్నది. రుద్రమ 1262 ప్రాంతంలో సింహాసనం ఎక్కే నాటికి అడవిలో గుర్రాలమీద తిరిగే గజదొంగగా అతనిని నిలబెట్టడం బాపిరాజు గారి చమత్కారం. నవలాకారునికి ఆ స్వేచ్ఛ ఉన్నది, కాదనను. చిక్కేమిటంటే, మనవాళ్ళు చాలామంది చరిత్రను నవలతోనే మొదలుపెట్టి నవలతోనే ముగిస్తారు. 2015లో గుణశేఖర్ గారి 'రుద్రమదేవి' సినిమా వచ్చినప్పుడు నేనూ అమ్మా వెళ్ళాం. అనుష్క రుద్రమ, అల్లు అర్జున్ గన్నారెడ్డి. హాలులో ఈలలు ఎవరికి పడ్డాయో వేరే చెప్పాలా? సినిమా పేరు రాణిది, ఈలలు దొంగవి.

అసలు పేచీ మూడవది. రుద్రమ ఎందుకు ఏలగలిగింది అన్న ప్రశ్నకు మనవాళ్ళు గాని, పరాయివాళ్ళు గాని తిన్నగా జవాబు చెప్పరు. ప్రతివారికీ నడుమ ఒక మగవాని ప్రేమ కావాలి. 'ప్రతాప చరిత్ర' ఆమెను ఏకంగా గణపతిదేవుని భార్యను చేసింది. కూతురని శాసనాలు చెబుతున్నా ఆ మాట చాలాకాలం చెలామణి అయింది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి చెబుతూ, ఇక్కడ ఒక రాణి ఏలిందనీ, పోయిన భర్త మీది ప్రేమతో మళ్ళీ పెళ్ళాడలేదనీ, నలభై ఏళ్ళు న్యాయంగా పాలించిందనీ వ్రాశాడు. అంత మెచ్చుకొన్నవాడు కూడా ఆమె పాలనను భర్త మీది ప్రేమతో ముడిపెట్టాడు! ఇక బాపిరాజు గారి రుద్రమ కవచం విప్పగానే కన్నె మనసు. సభలో సింహం, అంతఃపురంలో చాళుక్య వీరభద్రుని తలచుకొని నిట్టూర్పు. పద్నాలుగేళ్ళప్పుడు ఆ నిట్టూర్పు పుటలే మళ్ళీ మళ్ళీ చదివాను. ముప్ఫై దాటాక అవే పుటలు గబగబా తిప్పేశాను.

రాళ్ళు వేరే విధంగా మాట్లాడతాయి. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉన్నది. గురువు విశ్వేశ్వర శివాచార్యులకు గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమ వెలగపూడిని దానమిచ్చారు. ఆ ఆదాయంతో నడవవలసిన వాటిలో మఠం, విద్యాలయం, అన్నసత్రం మాత్రమే కాదు, వైద్యశాల ఉన్నది, ప్రసూతిశాల కూడా ఉన్నది. ఏడున్నర శతాబ్దాల కిందట ఒక రాతి మీద కాన్పుల గది గురించి చెక్కారు! నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి అదే. ఎన్ని నిట్టూర్పులు పెడితే ఒక ప్రసూతిశాలకు సమానమవుతాయి చెప్పండి?

ఇంకొక రాయి చందుపట్లలో ఉన్నది. నల్గొండ జిల్లా, నకిరేకల్ దగ్గర. కొన్నేళ్ళ కిందట విజయవాడ నుంచి కారులో తిరిగివస్తూ, పెద్దరోడ్డు విడిచి ఆ ఊరిలోకి వెళ్ళాను. 1289 నవంబరు 27 నాటి శాసనం అది. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు, కాకతి రుద్రమదేవీ తన ఏలిక మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందినందున, వారికి పుణ్యంగా సోమనాథదేవరకు భూమి ఇచ్చాడు. రుద్రమ మరణాన్ని చెప్పే శాసనం ఇదే. రాణీ సేనానీ ఒకేసారి పోయినట్లు చెప్పడాన్ని బట్టి, తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవునితో పోరులో పోయి ఉంటారని చరిత్రకారులు ఊహిస్తారు. రాయి మాత్రం ఎలా పోయారో చెప్పదు. ఏడుపు లేదు, పొగడ్త లేదు. ఒక బంటు, కాస్త భూమి, ఇద్దరు పెద్దల పేర్లు.

ఆ రాయి ముందు నిలబడ్డప్పుడు నాకు గన్నారెడ్డి నవల మీద నిజంగా కోపం వచ్చింది. మనుమడిని దత్తత తీసుకొన్న అమ్మమ్మ ఈమె. పాతికేళ్ళకు పైగా రాజ్యం మోసి, చివరకు ఈ ఊరి పేరు పక్కన తన పేరు మిగిల్చి పోయింది. నవలలో ఈ మనిషి ఎక్కడున్నది? నవల ఆమె యౌవనం దాటి రానే రాదు.

*

ఇంత పేచీ కడుపులో పెట్టుకొని, రాత్రి తొమ్మిదికి అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకొని చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పవద్దూ, వర్ణనలు వచ్చినచోట కాస్త దాటవేశాను. గొంతు మారకుండా ఒక పేరా మీదుగా ఇంకొక పేరాలోకి దూకాను.

"గుర్రం ఏమైంది?" అన్నది అమ్మ, కళ్ళు మూసుకొనే.

"ఏ గుర్రం?"

"మధ్యలో ఒక గుర్రం ఉండాలి. నువ్వు దాన్ని ఎగ్గొట్టావు."

వెనక్కు వెళ్ళి గుర్రాన్ని తెచ్చాను. అప్పటినుంచి ఒక్క వాక్యం కూడా వదలలేదు. విచిత్రమేమిటంటే, కంటితో చదివినప్పుడు బరువనిపించిన ఆ పొడుగు వాక్యాలు పైకి చదివితే తేలికపడ్డాయి. అవి వినిపించడానికి వ్రాసినవేమో! బాపిరాజు గారు పాటలు కట్టిన మనిషి అన్న సంగతి మరచిపోతుంటాం.

ఇదంతా కథ మధ్యలో నుంచి. అమ్మ మొదట చెప్పిందే అది. "పెళ్ళి ఘట్టం ఇప్పుడొద్దు, తరువాత నుంచి మొదలుపెట్టు." నాకు వింతగా తోచింది. నవలకు ప్రాణమే ఆ ఘట్టం కదా. అయినా సరేనన్నాను. రెండవ కంటి ఆపరేషను అయిన వారానికి, చివరి పుటలు ఇంకా మిగిలి ఉండగా, "ఇవాళ మొదటికి వెళ్ళు, పెళ్ళి చదువు" అన్నది. చదివాను. ఆదవోనిలో పెళ్ళి సందడి, పెళ్ళికొడుకును ఎత్తుకొనిపోవడం, గగ్గోలు. ముగించి తల ఎత్తేసరికి అమ్మ నవ్వుతున్నది. నల్లకళ్ళద్దాల కింద నుంచి కన్నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో, కన్నీళ్ళు తగలకూడదమ్మా" అని దూది తీసుకొని పరుగెత్తాను. నాకు ఆ క్షణంలో తోచింది అదే.

తుడిచాక చెప్పింది.

నాకొక పెద్దమ్మ ఉండేది. 2009లో పోయింది. అమ్మ కన్నా ఏడేళ్ళు పెద్ద. బడిలో సోషలు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. "కుదరలేదు" అన్న ఒక్క మాటతో మా ఇంట్లో ఆ సంగతి ముగిసేది. నేనూ ఎన్నడూ తవ్వలేదు. పెద్దమ్మ అంటే నాకు గుర్తున్నది ఎర్రసిరా పెన్ను, చేతిగడియారం, వేసవి సెలవులలో మామిడిపళ్ళు లెక్కపెట్టి పంచే పద్ధతి.

కుదరకపోవడం కాదట. పీటల దాకా వచ్చి ఆగింది. 1961, వైశాఖం. కట్నంలో బాకీపడిన భాగం ముహూర్తానికి ముందు చెల్లించాలని మగపెళ్ళివారు పట్టుబట్టారు. తాతయ్య వారం గడువు అడిగాడు. మాటామాటా పెరిగింది. జీలకర్రా బెల్లం నూరి సిద్ధంగా ఉన్నాయి. పెద్దమ్మ బుగ్గచుక్కతో లోపలి గదిలో కూర్చొని ఉన్నది. తెల్లవారేసరికి విడిది ఇల్లు ఖాళీ. బండ్లు వెళ్ళిపోయిన చక్రాల గాడి మాత్రం వీధిలో ఉన్నది. ఆ గాడి మీద నుంచి నడవడానికి తనకు భయం వేసిందని అమ్మ చెప్పింది. అప్పుడు ఆమెకు పదకొండేళ్ళు.

ఆ తరువాత పెద్దమ్మ గడప దాటలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు పలకరింపుకని వచ్చి, ముఖం చూసి పోయేవారు. ఆమె కోసం గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకాలు తెచ్చే పని అమ్మది. గ్రంథపాలకుడు ఏది ఇస్తే అది తెచ్చేది. ఒకనాడు ఇచ్చింది 'గోన గన్నారెడ్డి'.

"వసారాలో కూచుని అక్క పైకి చదివేది, నేను వినేదాన్ని. మొదట్లోనే పెళ్ళి ఆగిపోయిందని వచ్చేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. ఇటువంటి పుస్తకం తెచ్చానేమిట్రా భగవంతుడా, అనుకున్నా. లాక్కోబోయాను. అక్క ఇవ్వలా. ఆ భాగం మళ్ళీ మొదట్నించి చదివింది. చదివి పకపకా నవ్వింది. 'వాళ్ళ పెళ్ళికొడుకును దొంగ ఎత్తుకుపోయాడే, మన పెళ్ళికొడుకు తనంతట తానే లేచిపోయాడు, అంతే తేడా' అంది. నెల తరువాత నవ్వడం అదే."

ఆ పుస్తకం తిరిగి వెళ్ళలేదు. గడువు దాటింది, కబుర్లు వచ్చాయి, చివరకు తాతయ్య వెల చెల్లించాడు. కట్నం బాకీ తీర్చలేని మనిషి పుస్తకం బాకీ తీర్చాడన్నమాట. మరుసటి ఏడు పెద్దమ్మ ట్రెయినింగు స్కూలుకు దరఖాస్తు పెట్టుకొన్నది. ఆ దరఖాస్తుకూ నవలకూ సంబంధం ఉన్నదని అమ్మ అనలేదు. నేనూ అనను. అటువంటి లెక్కలు తేల్చడం మనవల్ల కాదు.

*

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇన్నాళ్ళూ నేను ఈ నవలను తప్పుపట్టింది ఎందుకు? జీవితంలో లేని మాటలు చెబుతుందని. పెళ్ళి ఆగిన పిల్ల ఓరుగల్లు చేరి రాణికి చెలికత్తె కావడం ఎక్కడైనా ఉన్నదా అని. మా ఊళ్ళో అయితే గది మూలకు చేరుతుంది. నా వాదం తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే అంటాను. అయితే ఆ గది మూలలో కూర్చున్న పిల్లకు నా వాదం ఎవరైనా వినిపించి ఉంటే ఏమయ్యేది? తనకు జరిగినది తనకు ముందే తెలుసు, ఎవరూ చెప్పనక్కరలేదు. ఆగిన పెళ్ళితో కథ మొదలు కావచ్చునన్న మాట ఆమెకు చెప్పినవారు మాత్రం అప్పటికి ఒక్కరే ఉన్నారు. ఆయన పెద్ద అబద్ధాలకోరు. ఆ అబద్ధాలలో ఇదొకటి ఆమెకు పనికివచ్చింది.

మర్నాడు అమ్మతో నా మూడవ పేచీ చెప్పాను. మల్కాపురం, చందుపట్ల, ముసలి రాణి, అన్నీ. ఎంతో పరిశోధన చేసినదానిలా చెప్పాను. అమ్మ చుక్కల మందు వేయించుకొంటూ ఓపికగా విన్నది.

"అక్క ఇదే అనేది" అన్నది చివర.

"ఏమని?"

"తొమ్మిదో తరగతి పిల్లలకు రుద్రమదేవి పాఠం చెప్పి వచ్చిన రోజున ఈ పుస్తకం బయటికి తీసేది. చదువుకుని, మూసేసి, 'ఆయన పుస్తకం అయిపోయాకేనే రాణి పని మొదలైంది' అనేది. ఏటా అదే మాట. చందుపట్ల శాసనం సంగతి కూడా చెప్పింది. ఎక్కడో పేపర్లో వచ్చిందిట. వెళ్ళి చూడాలంది కానీ, మోకాళ్ళ నొప్పులు."

నాకు కాస్త సిగ్గనిపించింది. పెద్దమ్మ గురించి నా మనసులో ఉన్న బొమ్మ ఏమిటంటే, పాతకాలపు ప్రేమ నవల చదువుకొని తృప్తిపడే అమాయకురాలు. ఆమె సెలవులలో ఆ పుస్తకం చదువుతూ కూర్చొంటే, కాలేజీలో చదువుతున్న నేను లోలోపల జాలిపడేదానిని. ఆమె నాకంటే ముందే ఆ నవల హద్దు ఎక్కడున్నదో చూసింది. చూసి కూడా పారవేయలేదు. పుస్తకం ముగిసిన చోటునుంచి తన పని తాను చేసుకొంటూ పోయింది. దాదాపు నలభై ఏళ్ళు బడికి వెళ్ళింది. మార్కో పోలో చెప్పిన లెక్కకు దగ్గరదగ్గర.

ఆమె గురించి ఎవరైనా కథ వ్రాస్తే తప్పకుండా ఒక వీరభద్రుడిని కల్పిస్తారు. ఆ పారిపోయిన పెళ్ళికొడుకునే తలచుకొని ఉండిపోయిందని వ్రాసినా వ్రాస్తారు. అదిగో, నా మూడవ పేచీ అక్కడ మళ్ళీ లేస్తుంది. అది చల్లారలేదు. ఒంటరిగా నిలబడిన ఆడమనిషికి ఒక ప్రేమకథ కట్టబెట్టందే మనకు తోచదు. ఈ జబ్బు బాపిరాజు గారిలోనూ ఉన్నది, మనలోనూ ఉన్నది. పెద్దమ్మ జీవితంలో ఇంకేదైనా ఉన్నదా అని అమ్మను అడగాలని నాకూ నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

అందువల్ల, మిత్రులారా, ఇంత చెప్పాక కూడా 'గోన గన్నారెడ్డి' మంచి నవలేనా అన్న ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు. చదవనివారు చదవండి. పైకి చదవగలిగితే మరీ మంచిది. గుర్రాలను ఎగ్గొట్టవద్దు. చదివాక వీలుచూసుకొని చందుపట్ల వెళ్ళండి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి చాలదని నా మటుకు నాకు అనిపిస్తున్నది.

అమ్మకు కొత్త కళ్ళజోడు వచ్చింది. ముందుగా చూసింది నా ముఖం కాదు, నా తల. "ఇంత నెరిసిందేమే!" అన్నది. తరువాత పుస్తకం అడిగి తీసుకొని, మిగిలిన చివరి పుటలు తానే చదువుకొన్నది. నన్ను చదవనివ్వలేదు.

వచ్చే వేసవిలో ఊరికి వెళ్ళాలి. గ్రంథాలయం ఇంకా తెరిచే ఉంటున్నదట. ఆ ప్రతి ఇచ్చే ఉద్దేశం లేదు, అది తాతయ్య వెల కట్టిన సొమ్ము. కొత్త ప్రతి ఒకటి కొని ఇచ్చివస్తాను. దానితోపాటు కాకతీయుల శాసనాల మీద ఒక పుస్తకం కూడా. రెండూ ఒకే బీరువాలో, వీలైతే పక్కపక్కన పెట్టమని గ్రంథపాలకుని అడుగుతాను.